చెవి మీది గడ్డ కోస్తే పోదు: కుట్టించే ముందు ఇంట్లో అడగవలసిన మాట



ఈ మధ్య మన గుంపులో మూడు రకాల సందేశాలు తెగ తిరుగుతున్నాయి. ఒకటి, పిల్లలకు చెవులు కుట్టిస్తున్నాం రమ్మని పిలుపులు. రెండు, "మా అమ్మాయికి కమ్మ పెట్టుకునే చోట గడ్డ లేచింది, ఎక్కడ కోయిస్తే మంచిది?" అని అడగడాలు. మూడు, నీళ్ళలో కలుపుకొని తాగితే చర్మం మెరుస్తుందంటూ కొల్లాజెన్ పొడి ప్రకటనలు. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుంటాం. కానీ ఉంది. మూడింటి వెనకా ఉన్నది ఒకటే పదార్థం. ఆ పదార్థాన్ని తయారుచెయ్యమని, చాలించమని ఒంట్లో తిరిగే కబుర్లే అసలు సంగతి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. చెవి మీద లేచే ఆ గడ్డ చెడ్డ మాంసం కాదు, అంటురోగం కాదు, దిష్టి కాదు. గాయం మానేటప్పుడు రోగనిరోధక వ్యవస్థ ఇచ్చిన ఆజ్ఞ ఆగకపోవడం వల్ల వచ్చేది. కాబట్టి దాన్ని ఉత్తినే కోసి పారేస్తే పోదు. చెవి కుట్టించే ముందు ఇంట్లో ఒక మాట అడగాలి, గడ్డ వస్తే కత్తికన్నా ముందు చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. మేము డాక్టర్లం కాము. చదివి తెలుసుకున్నదాన్ని మనవాళ్ళందరికీ అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నం ఇది.

ముందు కొల్లాజెన్ అంటే ఏమిటో చూద్దాం. మనకు ఇది కొత్త వస్తువేమీ కాదు. పక్కనున్న వాణియంబాడి, ఆంబూరు తోలు కర్మాగారాలు బతికేదే దాని మీద. పశువు తోలు మీది వెంట్రుకలూ లోపలి కొవ్వూ తీసేశాక మిగిలే గట్టి పీచు చాలావరకు కొల్లాజెనే. మన గట్ల మీద పూసే తంగేడు చెట్టు బెరడుతో పూర్వం తోళ్ళు ఊనింది ఆ పీచు కుళ్ళిపోకుండా నిలబడడానికే. మన చర్మంలోనూ అంతే. పైపొర కింద ఉండే మందపాటి పొరలో నీటిని తీసేసి తూచితే, దాదాపు ముప్పావు వంతు కొల్లాజెనే ఉంటుంది.

ఆ పీచు లోపలి అల్లిక ఎలా ఉంటుందో మొదట కనిపెట్టింది ఎక్కడో కాదు, మద్రాసులోనే. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి 1954లో ఆ సంగతి ప్రచురించారు. మూడు పోగులు మెలిపెట్టి పేనిన తాడులా ఉంటుందని తేల్చారు. వాళ్ళకు కొల్లాజెన్ నమూనాలు పొరుగునే ఉన్న కేంద్ర తోలు పరిశోధనా సంస్థ నుంచి దొరికాయి. ఆ సంస్థను 1958 నుంచి 1971 వరకు నడిపింది మన తెలుగువాడే, తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. రామచంద్రన్, నాయుడమ్మ ఇద్దరూ 1922లోనే పుట్టారు. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో నాయుడమ్మ పోయారు. ఆ సంస్థ సభామందిరానికి ఆ మూడు పోగుల మెలిక పేరే పెట్టుకున్నారు. ఇంత ఘనత మన ముంగిట ఉండి కూడా, కొల్లాజెన్ అనగానే మనకు గుర్తొచ్చేది పొడి డబ్బా మాత్రమే కావడం మాకు కష్టంగా ఉంది.

సరే, ఆ తాడు పేనేది ఎవరు? చర్మంలో ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలున్నాయి. నేతపనివాళ్ళ లాంటివి. ఎప్పుడు ఎంత నెయ్యాలో అవి చాలావరకు వచ్చిన కబురును బట్టి నడుచుకుంటాయి. గాయమైనప్పుడు ఆ కబుర్లలో ఎక్కువ భాగం రోగనిరోధక కణాల నుంచి వస్తాయి. చర్మం తెగగానే ముందు రక్తం గడ్డకడుతుంది. తరవాత తెల్లకణాలు వచ్చి మురికినీ క్రిములనీ ఏరేస్తాయి. ఆ పని చేస్తూనే చుట్టుపక్కల కణాలకు చిన్న చిన్న ప్రోటీన్ల రూపంలో కబుర్లు వదులుతాయి. వాటినే సైటోకైన్లు అంటారు. ఊళ్ళో దండోరా వేసినట్టన్నమాట. "ఇక్కడ గోడ పడింది, కట్టండి" అని ఒక దండోరా. "సరిపోయింది, ఇక చాలించండి" అని ఇంకొకటి.

"కట్టండి" అనేవాటిలో పెద్ద గొంతు టీజీఎఫ్-బీటా అనే ప్రోటీనుది. 1986లో అమెరికాలో అనితా రాబర్ట్స్ బృందం దాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల చర్మం కింద ఎక్కిస్తే, రెండు మూడు రోజుల్లోనే అక్కడ పీచు గట్టిపడి గడ్డలా లేచింది. ఎక్కించిన సూదిపోటు తప్ప వేరే గాయం లేదు, క్రిమి లేదు. ఉత్త కబురే. ఆ ఒక్క కబురుతో గడ్డ తయారైంది. అలర్జీ స్వభావమున్న వాపులో వచ్చే ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 కూడా ఇదే పక్షం. ఇంటర్‌ల్యూకిన్-4 తగిలిన మనిషి ఫైబ్రోబ్లాస్టులు కొల్లాజెన్ ఎక్కువ చేస్తాయని 1992లో చూపించారు.

"చాలించండి" అనే పక్షంలో ముఖ్యమైనది ఇంటర్‌ఫెరాన్-గామా. టి-కణాలు వదిలేది. ఇంటర్‌ఫెరాన్లు మనిషి ఫైబ్రోబ్లాస్టుల కొల్లాజెన్ తయారీని తగ్గిస్తాయని 1984లోనే ప్రయోగశాలలో రుజువైంది. టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే ఇంకొకటి కొల్లాజెన్ తయారీని తగ్గించడమే కాక, పాత పీచును కత్తిరించే ఎంజైములనూ పెంచుతుంది. ఈ రెండు పక్షాలూ సమంగా ఉంటే గాయం పూడి, సన్నటి గీత మిగులుతుంది. అదే ఆరోగ్యమైన మచ్చ.

కొందరిలో ఆ సమతూకం కుదరదు. "కట్టండి" అన్న దండోరా మోగుతూనే ఉంటుంది, "చాలించండి" అన్నది వినబడదు. గాయం ఎప్పుడో మానిపోయినా నేత ఆగదు. మచ్చ గాయం హద్దు దాటి పక్కనున్న మంచి చర్మం మీదికి పాకుతుంది. దానినే కీలాయిడ్ అంటారు. మనవాళ్ళు "కాయ కట్టింది" అంటారు. చెవి తమ్మె, రొమ్ము మధ్య, భుజం, పై చెయ్యి దానికి ఇష్టమైన చోట్లు. చెవి కుట్టిన రంధ్రం, మొటిమ, బీసీజీ టీకా వేసిన చోటు, కాలిన గాయం, ఏదైనా దానికి మొదలు కావచ్చు. కుట్టిన వెంటనే రాదు. చాలామందికి నెలలు గడిచాక, కొందరికి ఏడాది దాటాక మొదలవుతుంది. అందుకే చాలా ఇళ్ళలో దానికీ కుట్టడానికీ సంబంధం ఉందనే అనుకోరు. దురద, నొప్పి కూడా ఉంటాయి. కాబట్టి ఇది ఉత్త అందానికి సంబంధించిన విషయం కాదు.

చామనఛాయ, నలుపు రంగు చర్మం ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ మధ్య వయసులో ఎక్కువ. కుటుంబాల్లో వరసగా నడుస్తుంది. మన పెళ్ళి సంబంధాల్లో మేనరికాలు ఎంత మామూలో మనకు తెలుసు. కాబట్టి తల్లికో, మేనమామకో, అమ్మమ్మకో అలాంటి కాయ ఉంటే అది పక్కింటి కబురు కాదు, ఆ బిడ్డ కబురే.

ఇప్పుడు కోయించే మాట. ఆ గడ్డను మామూలు గడ్డలా కోసి కుట్లు వేసి వదిలేస్తే ఏమవుతుంది? కోత కూడా ఒక కొత్త గాయమే కదా. తెల్లకణాలు మళ్ళీ వస్తాయి, మళ్ళీ అదే దండోరా, ఈసారి ఇంకా పెద్ద గాయానికి. అందుకే కోసి వదిలేసినవాళ్ళలో దాదాపు సగం మందికి, కొన్ని లెక్కల్లో అంతకన్నా చాలా ఎక్కువమందికి, అది మళ్ళీ లేస్తుంది. చాలాసార్లు మొదటిదానికన్నా పెద్దదిగా. మాకు తెలిసిన ఒక ఇంట్లో అమ్మాయికి బఠానీ గింజంత ఉన్నదాన్ని ఒక చిన్న క్లినిక్‌లో పది నిమిషాల్లో తీసేశారు. తరవాత ఏం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి నిమ్మకాయంత అయింది. ఆ పిల్ల జుట్టు ముందుకు వేసుకోకుండా బయటికి రాదు.

చర్మవైద్యులు చేసేది వేరు. వాళ్ళు మొదట ఆ కబురు గొంతు తగ్గిస్తారు. గడ్డ లోపలికే స్టెరాయిడ్ ఇంజెక్షను కొన్ని వారాలకోసారి చొప్పున, చాలాసార్లు ఇస్తారు. అది వాపు కణాలను శాంతింపజేసి కొల్లాజెన్ తయారీని తగ్గిస్తుంది. కొన్నిసార్లు దానితోపాటు ఇంకో మందు కలుపుతారు. సిలికాన్ పట్టీని రోజుకు 12 గంటలకు తక్కువ కాకుండా నెలల తరబడి అంటించమంటారు. చెవి తమ్మెకైతే రెండువైపులా అదిమిపట్టే ప్రత్యేకమైన కమ్మ ఇస్తారు. కోయవలసి వస్తే కోస్తారు, కానీ కోసిన వెంటనే ఇంజెక్షన్లో, అదుముడో, కొన్నిసార్లు రేడియేషనో జోడిస్తారు. ఉత్త కోతకూ దీనికీ ఉన్న తేడా అదే.

"స్టెరాయిడ్ అంటే భయం కదా" అని మన ఆడవాళ్ళు అడుగుతారు. న్యాయమైన భయమే. ఆ ఇంజెక్షను వేసిన చోట చర్మం పలచబడవచ్చు, రంగు తెల్లబడవచ్చు. అందుకే మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుతోనో, తెలిసీ తెలియని చేతితోనో కాక, ఆ చదువు చదివినవాళ్ళ చేత చేయించుకోవాలి. మన ఊళ్ళోనే 2008 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. కోయించడానికి సేలమో బెంగళూరో బస్సెక్కే ముందు, ఒక పూట దాని ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగంలో చీటీ తీసుకోండి. వరస పెద్దదే, కానీ ఖర్చు మాత్రం బస్సు చార్జీకన్నా మించదు.

నిజానికి ఈ పాఠం మన జిల్లాకు కొత్తది కాకూడదు. ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల్లో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు గారలుంటే పళ్ళు సరిగ్గా తోముకోరని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. ఎంత తోమినా పోలేదు. ఎందుకంటే కారణం పళ్ళ మీద లేదు, బోరు నీళ్ళలోని ఫ్లోరైడులో ఉంది. చివరికి జపాన్ రుణంతో హొగెనకల్ నుంచి కావేరి నీళ్ళు తెచ్చే పథకం కట్టి 2013లో ప్రారంభించారు. గార ఎక్కడ కనిపిస్తే అక్కడ రుద్దడం మానేసి, అది ఎక్కడ నుంచి వస్తోందో అక్కడికి వెళ్ళారు. కీలాయిడ్ విషయంలో మనం ఇంకా గార రుద్దే దగ్గరే ఉన్నాం.

పొడి డబ్బాల సంగతి. మన సభ్యుల్లో కొందరు అవి అమ్ముతున్నారు, వాళ్ళ మీద మాకు కోపం లేదు. కానీ తాగిన కొల్లాజెన్ కొల్లాజెన్‌గానే వెళ్ళి ముఖంలో అతుక్కోదు. పప్పు అన్నంలోని ప్రోటీనులాగే కడుపులో ముక్కలవుతుంది. ఆ ముక్కలు చర్మానికి మేలు చేస్తాయని చెప్పే పరీక్షలు ఉన్నమాట నిజమే. అయితే ఈ పరీక్షలన్నిటినీ పోగేసి చూసిన 2025 నాటి ఒక విశ్లేషణలో, కంపెనీల డబ్బు అందని పరీక్షల్లో ఆ మేలు కనబడలేదు. అర్థం చేసుకోవడం కష్టం కాదు. నేతపనివాడికి నూలు కొరత లేనప్పుడు ఇంకో బస్తా నూలు దింపితే చీరలు పెరగవు, ఆర్డరు వస్తేనే పెరుగుతాయి.

నూలు కన్నా ముఖ్యమైన ఒక పనిముట్టు మాత్రం ఉంది. విటమిన్-సి. అది లేకపోతే మూడు పోగుల మెలిక నిలబడదు. పూర్వం నెలల తరబడి సముద్రం మీదుండే నావికులకు చిగుళ్ళు కారి, మానిన పుళ్ళు మళ్ళీ తెరుచుకునేవి అందుకే. మన ఊరి పాత పేరు తగడూరు. దాన్ని ఏలిన అతియమాన్ తనకు దొరికిన అరుదైన ఉసిరికాయను తాను తినకుండా అవ్వైయారుకిచ్చాడన్న కథ ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. ఉసిరికాయలో విటమిన్-సి దండిగా ఉంటుంది. వేలు పోసి డబ్బా కొనేకంటే సంతలో ఉసిరికాయలో జామకాయలో కొనడం మేలు. అలాగని అవి కూడా కీలాయిడ్‌ను తగ్గించవు. పనిముట్టు వేరు, ఆజ్ఞ వేరు.

ఈ ఆజ్ఞల తప్పుదారి ఒక్క చెవితోనే ఆగదని కూడా చెప్పాలి. స్క్లెరోడెర్మా అనే జబ్బులో ఒళ్ళంతా చర్మం బిగుసుకుపోతుంది, ఊపిరితిత్తుల్లోనూ పీచు పెరుగుతుంది. చలికి వేళ్ళు తెల్లగానో నీలంగానో మారడం, వేళ్ళ చర్మం ఉబ్బి గట్టిపడడం, మెట్లెక్కితే ఆయాసం కలిసి కనిపిస్తే ఆలస్యం చెయ్యకండి. ఆ జబ్బులో ఊపిరితిత్తులు దెబ్బతినే వేగాన్ని తగ్గించడానికి, ఇంటర్‌ల్యూకిన్-6 కబురును అందకుండా చేసే ఒక మందుకు 2021లో అమెరికాలో అనుమతి దొరికింది. కబురును పట్టుకుని వైద్యం చెయ్యడం కల కాదని దీనివల్ల తెలుస్తుంది.

అంత తేలిక కూడా కాదు. మచ్చ పడకుండా చేస్తుందని టీజీఎఫ్-బీటా కుటుంబంలోని ఒక ప్రోటీనునే మందుగా చేసిన బ్రిటిష్ కంపెనీ ప్రయత్నం 2011లో చివరి దశ పరీక్షల్లో తప్పిపోయింది. ఇంకోవైపు, టీజీఎఫ్-బీటా 1 అసలే లేకుండా పుట్టించిన ఎలుకలు కొన్ని వారాల్లోనే ఒళ్ళంతా వాపుతో చచ్చిపోయాయి. ఎందుకంటే గోడ కట్టమని చెప్పే ఆ గొంతే రోగనిరోధక వ్యవస్థను అదుపులో పెడుతుంది కూడా. అందుకని "ఒక్క సూదితో మాయం" అని ఎవరన్నా నమ్మకండి.

చివరికి మమ్మల్ని ఇది రాయించిన మాట. పెళ్ళిచూపుల్లో చెవి మీద కాయ చూసి "ఏదో చర్మరోగం" అని సంబంధం వదులుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. అది ముట్టుకుంటే అంటదు. క్యాన్సరు కాదు. కుష్ఠు కాదు. గాయాన్ని మాన్పడంలో ఒళ్ళు కాస్త అతిగా శ్రద్ధ చూపించింది, అంతే. ఆ కాయను దాచడానికి పిల్ల పడే అవస్థ, తొందరపడి కోయించడానికి తల్లిదండ్రులు చేసే అప్పు, రెండూ మన అజ్ఞానం ఖరీదే.

చెవులు కుట్టించడం మానమని మేము అనడం లేదు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టించే ఆ వేడుక మనదీ, మన తమిళ పొరుగువాళ్ళదీ కూడా. అది ఉండాలి. కీలాయిడ్ ఉన్నవాళ్ళలో, పదకొండేళ్ళు దాటాక కుట్టించుకున్నవాళ్ళకే అంతకు ముందు కుట్టించుకున్నవాళ్ళకన్నా గడ్డలు ఎక్కువ వచ్చాయని 2005లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం చెప్పింది. చిన్నదే కాబట్టి దాన్ని శాసనంగా తీసుకోవద్దు. కానీ పసితనంలోనే కుట్టించే మన పెద్దల అలవాటును వెక్కిరించేవాళ్ళు ఒకసారి ఆగి ఆలోచించాలి. యవ్వనంలో రెండో రంధ్రం, మూడో రంధ్రం, చెవి పైన మృదులాస్థికి రంధ్రం అంటూ ఫ్యాషనుకు కుట్టించుకునే చోటే ఎక్కువ జాగ్రత్త కావాలి.

సంఘానికి మా సూచనలు ఇవి. సంఘం తరఫున చెవులు కుట్టించే కార్యక్రమం జరిగితే, పేరు రాసుకునేటప్పుడే "మీ ఇంట్లో ఎవరికైనా మచ్చలు కాయ కడతాయా?" అని ఒక ప్రశ్న ఉండాలి. అవునంటే ముందు చర్మవైద్యుడిని చూపించమనాలి. ఆచారి చేత్తోనే కుట్టించినా, ప్రతి బిడ్డకూ కొత్త సూది ఉండాలి. చీము పట్టిన రంధ్రంలో వాపు ఎక్కువరోజులు ఉంటుంది, వాపు ఉన్నన్నాళ్ళూ దండోరా మోగుతూనే ఉంటుంది. కుట్టించాక ఏడాది పాటు తల్లులు నెలకోసారి చెవి వెనక వేలు పెట్టి తడిమి చూడాలి. గట్టిగా, గుండ్రంగా, దురదగా ఏదైనా తగిలితే గింజంత ఉన్నప్పుడే చూపించాలి. చిన్నదానికి ఇంజెక్షను బాగా పనిచేస్తుంది, పెద్దదానికి కష్టం.

ఇంకొకటి. ఇప్పటికే గడ్డతో బాధపడుతున్న పిల్లలను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి తోడు లేక ఆగిపోయిన కుటుంబాలుంటే, పేరు గుంపులో రాయనక్కర్లేదు, కార్యవర్గంలో మీకు నమ్మకమున్నవాళ్ళ చెవిన వెయ్యండి. తోడు మేము వస్తాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రశ్నను కార్యక్రమం దరఖాస్తులో చేర్చమని ప్రతిపాదిస్తాం. ఒప్పుకోనివాళ్ళు, పొడి డబ్బా అమ్మేవాళ్ళతో సహా, వచ్చి మీ మాట చెప్పండి. వింటాం.